గర్భసంచి తీసేస్తే మూత్రం ఆగుతుందా?



వరి నాట్ల రోజులలో ఒకనాడు మా ఓ.పి.కి ఇద్దరు స్త్రీలు వచ్చారు. మొదటి ఆమెకు అరవై దాటాయి. షుగర్ పరీక్ష కోసమని వచ్చింది. రక్తం ఇచ్చిన తరువాత కూడా బెంచీ మీదనే కూర్చున్నది. అందరూ వెళ్ళిపోయాక నా చెయ్యి పట్టుకుని, “సిస్టరమ్మా, కింద ఏదో బయటికి వస్తున్నది. పదేండ్ల సంది చేత్తోని లోపటికి నెట్టుకుంటున్న. నా కోడలికి గూడ తెల్వదు” అన్నది.

రెండవ ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతున్నదని, తెల్లబట్ట అవుతున్నదని ఐదేళ్ళ క్రితం ఒకచోట చూపించుకున్నది. గర్భసంచి చెడిపోయింది, తీసేయాలి అన్నారట. తీసేశారు. ఆ అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. “గర్భసంచి పాయె, పైసలు పాయె. మూత్రం మాత్రం పడుతనే ఉన్నది సిస్టర్” అని కండ్లనీళ్ళు పెట్టుకున్నది.

ఒకరు సిగ్గుతో పదేళ్ళు దాచుకున్నారు. ఒకరు చెప్పుకున్నారు గాని, ఉన్న జబ్బుకు లేని వైద్యం చేయించుకున్నారు. ఈ ఇద్దరిని తలచుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. మూత్రం ఆపుకోలేకపోవడానికి, గర్భసంచి జారడానికి చాలా రకాల చికిత్సలు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఏ మెట్టు నుండి మొదలుపెట్టాలో తెలియడమే ముఖ్యం.

ఎవ్వరికీ చెప్పని బాధ

ముప్పై ఏళ్ళుగా వార్డులలో పని చేస్తున్నాను. జ్వరం వస్తే చెప్తారు, నడుము నొప్పి చెప్తారు, ఈ బాధ మాత్రం చెప్పరు. మనం గమనిస్తే కనిపిస్తుంది. బతుకమ్మ ఆడేటప్పుడు వంగి చప్పట్లు కొట్టవలసి వస్తుందని ఒకామె పక్కన నిలబడి చూస్తుంది. నిజామాబాద్ బస్సు ఎక్కాలంటే పొద్దుటి నుండి నీళ్ళు తాగని ఆమె ఉంటుంది. వాసన వస్తుందేమోనని పెండ్లికి పోనివారు, ప్రార్థనకు వచ్చి చివరి వరుసలో గుమ్మం దగ్గర కూర్చునేవారు, భర్త దగ్గరికి రానివ్వక గొడవలు పడేవారు ఉన్నారు. “పిల్లలు పుట్టినంక ఆడదానికి ఇది మామూలే” అని అత్తలు చెప్తారు, ఎందుకంటే వారికి వారి అత్తలు అదే చెప్పారు.

ఇది చాలామందికి ఉండే బాధ అన్నంత వరకు నిజమే. కాని చాలామందికి ఉన్నది కాబట్టి ఓర్చుకోవాలని లేదు. కండ్లకు పొర రావడం కూడా వయసులో మామూలే. దానికి ఆపరేషన్ చేయించుకుంటున్నాము కదా!

నులక మంచం లాంటి కండరాలు

మన నడుము కింది ఎముకల గూటిలో ముందు మూత్రాశయం, మధ్యలో గర్భసంచి, వెనుక మలాశయం ఉంటాయి. ఈ మూడింటినీ కింది నుండి మోసే కండరాల పొర ఒకటి ఉన్నది. ముందున్న ఎముక నుండి వెనుక తోక ఎముక వరకు, మంచానికి నులక అల్లినట్లుగా పరచుకుని ఉంటుంది. మూత్రనాళం, యోని, మలద్వారం ఈ పొర గుండానే బయటికి వస్తాయి. కండరాలు బిగుతుగా ఉంటే పైనున్న అవయవాలు తమ చోట ఉంటాయి, మూత్రం మన మాట వింటుంది.

నులక వదులైతే మంచం నడుమ కిందికి జారుతుంది. అలాగే ఈ కండరాలు వదులైతే మూత్రాశయం, గర్భసంచి, ఒక్కొక్కసారి మలాశయం యోనిలోకి జారి వస్తాయి. మొదట బరువుగా అనిపిస్తుంది. తరువాత కూర్చుంటే గుడ్డు మీద కూర్చున్నట్లు ఉంటుంది. చివరకు బయటికే వస్తుంది. జారడం ఎంతవరకు ఉన్నదనే దానిని బట్టి డాక్టర్లు నాలుగు దశలుగా చెప్తారు.

నులక ఎందుకు వదులవుతుంది? కాన్పు పెద్ద కారణం. గంటల తరబడి నొప్పులు, పెద్ద బిడ్డ, పరికరంతో తీసిన కాన్పు, ఎక్కువ కాన్పులు కండరాలను, వాటి నరాలను సాగదీస్తాయి. ఆపరేషన్ కాన్పు అయిన వారికి కూడా తొమ్మిది నెలల బరువు పడుతుంది కాబట్టి ఈ బాధ అసలు రాదని చెప్పలేము. కాన్పు అయిన కొద్ది రోజులకే బిందెలు, గడ్డి మోపులు ఎత్తడం, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, అధిక బరువు, ముట్లు ఆగిపోయిన తరువాత హార్మోను తగ్గడం మిగతా కారణాలు. నిజాంసాగర్ కాలువ కింద పొలాలలో మన స్త్రీలు రోజంతా వంగి నాట్లు వేస్తారు. మోపులు మోస్తారు. ఇళ్ళలో బీడీలు చుట్టేవారు లేస్తే పని ఆగుతుందని మూత్రానికి కూడా లేవరు. మన పక్క దేశమైన నేపాల్‌లో కొండ గ్రామాల స్త్రీలలో గర్భసంచి జారడం ఎంతగా ఉన్నదంటే, 2008లో అక్కడి సుప్రీం కోర్టు దానిని స్త్రీల హక్కుల విషయంగా చూసి, చికిత్స అందించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. బాలింతకు విశ్రాంతి లేకపోవడం, బరువులు మోయడం అక్కడ కూడా ముఖ్యమైన కారణాలే.

మీది ఏ రకం?

మూత్రం పడడం అంతా ఒకటే జబ్బు కాదు. రకాన్ని బట్టి వైద్యం మారుతుంది.

1. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, నవ్వినప్పుడు, బరువు ఎత్తినప్పుడు కొద్దిగా పడడం. ఇది కండరాల వదులు వలన వస్తుంది.

2. ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా రావడం, బాత్రూముకు చేరేలోపే పడిపోవడం, రాత్రి రెండు మూడు సార్లు లేవడం. ఇందులో మూత్రాశయం నిండక ముందే ముడుచుకుంటుంది. నల్లా చప్పుడు విన్నా, చల్లని నీళ్ళు ముట్టుకున్నా వస్తుంది.

3. పై రెండూ కలిసి ఉండడం. చాలామందికి ఇలాగే ఉంటుంది.

4. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక, నిండి చుక్కలు చుక్కలుగా కారడం. షుగర్ ఎన్నో ఏళ్ళుగా ఉన్నవారిలో, బాగా జారిన వారిలో చూస్తాము.

5. పగలు రాత్రి ఆగకుండా కారుతూనే ఉండడం. కష్టమైన కాన్పు తరువాత గాని, కడుపు కింది భాగంలో ఆపరేషన్ తరువాత గాని ఇలా మొదలైతే మూత్రాశయానికి, యోనికి మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. దీనిని వ్యాయామం బాగుచేయదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి రావాలి. చిన్న రంధ్రం తొందరగా కనుక్కుంటే కొన్నిసార్లు మూత్రపు గొట్టం కొన్ని వారాలు ఉంచితే పూడుతుంది. లేకపోతే ఆపరేషన్ చేస్తారు. ఇథియోపియాలో హామ్లిన్ దంపతులు ఈ ఒక్క జబ్బు కోసమే 1974లో అడిస్ అబాబాలో ఆసుపత్రి స్థాపించారు. ఇంటివారు వెలివేసిన వేలమంది స్త్రీలు అక్కడ ఆపరేషన్ చేయించుకుని తిరిగి మామూలు బ్రతుకు బ్రతికారు.

ఆసుపత్రికి వస్తే ఏమి చేస్తాము?

భయపడవలసినది ఏమీ లేదు. ముందు మాట్లాడుతాము. ఎప్పుడు పడుతుంది, ఎంత పడుతుంది, ఎన్ని కాన్పులు, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతాము. మూత్ర పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ ఉన్నదా, రక్తంలో షుగర్ ఎంత ఉన్నది అని చూస్తాము. ఇన్ఫెక్షన్ వలన మూత్రం ఆగకపోతే దానికి మందులు వాడితే చాలు. తరువాత చాటు కట్టి, లేడీ డాక్టర్ గాని, పక్కన సిస్టర్ ఉండగా గాని పరీక్ష చేస్తారు. దగ్గమని చెప్పి చూస్తారు. మూత్రం పోసుకున్న తరువాత లోపల ఎంత మిగిలిందో స్కానింగులో చూడవచ్చు.

మీరు మూడు రోజులు ఒక కాగితం మీద గుర్తులు పెట్టుకుని రండి. ఎన్నిసార్లు పోశారు, ఎన్నిసార్లు పడింది, ఎన్ని గ్లాసులు నీళ్ళు, ఎన్ని కప్పులు చాయ్ తాగారు అనేవి. చదువు రాకపోతే గీతలు గీయండి, లేదా మనుమరాలితో రాయించండి. ఈ ఒక్క కాగితం డాక్టరుకు ఎంతో చెప్తుంది. మామూలుగా పగటి పూట ఆరు నుండి ఎనిమిది సార్లు పోవడం సహజమే.

మొదటి మెట్టు: అలవాట్లు

నీళ్ళు మానేస్తే మూత్రం ఆగుతుందని చాలామంది అనుకుంటారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మండుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది, అవన్నీ కలిసి బాధను పెంచుతాయి. రోజుకు ఒకటిన్నర నుండి రెండు లీటర్ల వరకు, ఎండలో పని చేసేవారు ఇంకా ఎక్కువగా తాగాలి. రాత్రి లేవవలసి వస్తున్నవారు పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించుకోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పినంతే తాగాలి.

చాయ్, కాఫీ తగ్గించండి. ఆకుకూరలు, జొన్న రొట్టె, పండ్లు తిని మలబద్ధకం లేకుండా చూసుకోండి. పాత దగ్గు ఉంటే దానికి వైద్యం చేయించండి. షుగర్ అదుపులో పెట్టుకోండి. అధిక బరువు ఉన్నవారు ఎనభై కిలోలకు నాలుగు నుండి ఎనిమిది కిలోలు తగ్గినా మూత్రం పడడం బాగా తగ్గుతుంది. తడి గుడ్డ ఒంటికి ఉంచుకోకండి. ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ మార్చుకోండి. లేకపోతే ఒరిసిపోయి పుండ్లు పడతాయి.

రెండవ మెట్టు: కండరాల వ్యాయామం

వదులైన నులకను తిరిగి బిగించినట్లే ఈ కండరాలను కూడా బిగించవచ్చు. 1948లో అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కేగెల్ దీనిని వైద్య ప్రపంచానికి చెప్పారు. అందుకే దీనిని కేగెల్ వ్యాయామం అంటారు. ఇప్పటికీ దగ్గితే పడే మూత్రానికి ప్రపంచమంతటా మొదట చేయించేది ఇదే.

ఎలా చేయాలి? కూర్చుని గాని, పడుకుని గాని ఒళ్ళు వదులుగా పెట్టండి. నలుగురిలో గాలి పోకుండా ఎలా బిగపట్టుకుంటారో అలా వెనుక ద్వారాన్ని బిగించి, ఆ బిగింపును ముందుకు, పైకి లాగండి. కడుపు, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి ఆపకూడదు. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఐదు అంకెలు విశ్రాంతి. ఇలా ఎనిమిది నుండి పది సార్లు, రోజుకు మూడు పూటలు. రెండు మూడు వారాలలో పది అంకెల వరకు పెంచండి. ప్రతి పూట చివరన గబగబా బిగించి వదలడం పదిసార్లు చేయండి.

బియ్యం ఏరుతూ, బీడీలు చుడుతూ, బస్సులో కూర్చుని కూడా చేయవచ్చు, పక్కవారికి తెలియదు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు ఒక్కసారి బిగించండి. ఈ చిన్న అలవాటుతోనే చాలా తేడా కనిపిస్తుంది.

రెండు తప్పులు చేయకండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడమే వ్యాయామం అనుకుని రోజూ చేయకూడదు. దాని వలన మూత్రాశయం సరిగా ఖాళీ కాదు. రెండవది, పది రోజులు చేసి “ఏమీ గుణం లేదు” అని మానేయడం. కనీసం మూడు నెలలు చేయాలి. కొందరు తెలియక కిందికి ముక్కుతారు. అది నష్టం చేస్తుంది. అందుకే మొదటిసారి సిస్టర్ దగ్గర గాని ఫిజియోథెరపిస్టు దగ్గర గాని నేర్చుకోండి.

ఉన్నట్టుండి మూత్రం వచ్చే వారికి మూత్రాశయానికి మెల్లగా అలవాటు చేయించాలి. గంటకొకసారి పోయేవారు రాగానే పరుగెత్తకుండా, కూర్చుని, కండరాలు నాలుగైదు సార్లు బిగించి, ఆ ఒత్తిడి తగ్గే వరకు ఐదు నిమిషాలు ఆగండి. వారానికి పది పదిహేను నిమిషాల చొప్పున పెంచుతూ మూడు గంటల వరకు తీసుకురండి. కనీసం ఆరు వారాలు పడుతుంది. ఓపిక పడితే ఫలితం ఉంటుంది.

మూడవ మెట్టు: మందులు, రింగు

ఉన్నట్టుండి వచ్చే రకానికి ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలు ఉన్నాయి. మొదటి మూడింటితో నోరు ఎండడం, మలబద్ధకం రావచ్చు. పెద్ద వయసు వారిలో ఆక్సిబ్యుటినిన్ మతిమరుపు, తికమక తెస్తుంది. మిరాబెగ్రాన్ వాడేవారు బి.పి. చూపించుకుంటూ ఉండాలి. కాబట్టి పక్కింటామె చీటీతో మందుల షాపుకు వెళ్ళవద్దు. దగ్గితే పడే రకానికి ఈ మాత్రలు పని చేయవు. ముట్లు ఆగిపోయిన స్త్రీలకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము మంట, పొడితనం తగ్గించి, మూత్రం తొందరను కూడా కొంత తగ్గిస్తుంది. ఇది కూడా డాక్టరు చెప్తేనే వాడాలి.

గర్భసంచి జారిన వారికి రింగు పెసరీ అనేది ఒకటి ఉన్నది. గాజు ఆకారంలో ఉండే మెత్తని సిలికాన్ వలయం అది. కొలత చూసి యోనిలో అమర్చితే జారిన భాగానికి కింది నుండి దన్నుగా ఉంటుంది. కోతలేదు, మత్తు లేదు. అమర్చిన తరువాత నడిచి, కూర్చుని, మూత్రం పోసి చూడమంటాము. సరిగ్గా కుదిరితే అది ఉన్నట్లే తెలియదు. ఆపరేషన్‌కు ఒళ్ళు సహకరించని పెద్దవారికి, ఇంకా పిల్లలు కావలసినవారికి, పంట కోతలు అయ్యేదాకా ఆపరేషన్ వాయిదా వేసుకున్నవారికి ఇది మంచిది.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. రింగు పెట్టించుకుని మరచిపోకూడదు. డాక్టరు చెప్పిన గడువులో, సాధారణంగా మూడు నుండి ఆరు నెలలకు ఒకసారి తీసి, శుభ్రం చేసి, లోపల పుండు పడిందేమో చూసి తిరిగి పెట్టాలి. ఏళ్ళ తరబడి మరచిపోతే లోపల ఒరిసి మాంసంలోకి దిగుతుంది. మీ కార్డు మీద తేదీ రాయించుకుని గోడకు తగిలించుకోండి, ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.

నాలుగవ మెట్టు: ఆపరేషన్

నులక వదులైతే బిగిస్తాము. తెగిపోతే తిరిగి అల్లక తప్పదు. వ్యాయామం, రింగు సరిపోనప్పుడు ఆపరేషన్ మంచి చికిత్స. ముందు గోడ జారితే ముందు గోడను, వెనుక గోడ జారితే వెనుక గోడను కుట్టి బిగిస్తారు. గర్భసంచి పూర్తిగా బయటికి వచ్చి, పిల్లలు ఇక అవసరం లేని పెద్ద వయసు స్త్రీకి కింది నుండే గర్భసంచి తీసి, పై భాగాన్ని గట్టిగా కట్టి, గోడలు సరిచేస్తారు. గర్భసంచి ఉంచి పైకి కట్టే ఆపరేషన్లు కూడా ఉన్నాయి. మన దేశంలోనే ముంబయి డాక్టర్లు షిరోద్కర్, పురందరే పేర్లతో ఆ పద్ధతులు వైద్య పుస్తకాలలో ఉన్నాయి. వయసులో ఉన్న స్త్రీలు వీటి గురించి తప్పకుండా అడగాలి.

దగ్గితే మూత్రం పడే రకానికి మూత్రనాళం కింద ఊయలలాగా ఆధారం వేస్తారు. రోగి ఒంటిలోని పొరతోనే అది చేయవచ్చు, లేదా సన్నని టేపు వాడతారు. టేపు, జాలీ విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. జారుడుకు యోనిలో నుండి పెట్టే జాలీల వలన కొందరికి నొప్పి, పుండ్లు వచ్చాయని 2019 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సంస్థ వాటి అమ్మకం ఆపించింది. బ్రిటన్‌లో 2018లోనే మూత్రం కోసం వేసే టేపు వాడకం మీద కూడా నిలుపుదల విధించారు. కాబట్టి “నాకు ఏమి పెడుతున్నారు? తరువాత తీయవలసి వస్తే ఎలా?” అని అడగడం మీ హక్కు.

అసలు ప్రశ్న: గర్భసంచి తీసేస్తే మూత్రం ఆగుతుందా?

మంచం నులక వదులైందని మంచం మీద పడుకున్న మనిషిని దించేస్తే మంచం బిగుసుకుంటుందా? బిగుసుకోదు. గర్భసంచి మంచం మీది మనిషి వంటిది. మూత్రాన్ని ఆపేది కండరాలు, మూత్రనాళం. గర్భసంచి తీసేసినంత మాత్రాన అవి గట్టిపడవు. పైగా తీసేటప్పుడు చుట్టూ ఉన్న ఆధారాలు కూడా దెబ్బతినవచ్చు. 2007లో స్వీడన్ పరిశోధకులు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో, గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు తరువాతి కాలంలో దగ్గితే పడే మూత్రానికి ఆపరేషన్ అవసరమైన ముప్పు మిగతా స్త్రీల కంటే రెండింతలకు పైగా ఉన్నట్లు తేలింది.

మన ప్రాంతానికి ఇది చాలా దగ్గరి విషయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు దాదాపు ముగ్గురు. తెలంగాణలో వందకు దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందున్నాయి. ఈ విషయంలో ముందుండడం మంచిది కాదు. మన పక్కనున్న మెదక్ జిల్లా పల్లెలలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి 2000 దశకంలోనే తిరిగి, అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల గురించి రాసి, అందరి దృష్టికి తెచ్చారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇటువంటి ఆపరేషన్ల మీద వచ్చిన కేసులో 2023 ఏప్రిల్ 5న మన సుప్రీం కోర్టు, కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలలలో అమలులోకి తేవాలని చెప్పింది.

క్యాన్సర్, మందులకు లొంగని అధిక రక్తస్రావం, పెద్ద గడ్డలు, పూర్తిగా జారడం, ఇటువంటి వాటికి గర్భసంచి తీయడం ప్రాణాన్ని, బ్రతుకును నిలబెట్టే ఆపరేషన్. డాక్టరు మీద అనుమానం పెంచడానికి నేను ఇది రాయడం లేదు. కాని తెల్లబట్టకు, నడుము నొప్పికి, దగ్గితే పడే మూత్రానికి అది వైద్యం కాదు. తెల్లబట్ట చాలావరకు మందులతో తగ్గుతుంది. “క్యాన్సర్ వస్తుందేమో” అనే భయం ఉంటే గర్భసంచి ముఖద్వారానికి చిన్న పరీక్ష చేయించుకోండి, భయం తీరుతుంది. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకల బలహీనత తొందరగా వస్తాయి.

ఎవరైనా గర్భసంచి తీయాలి అంటే ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. నాకున్న జబ్బు పేరు ఏమిటి? కాగితం మీద రాసి ఇస్తారా?
2. మందులతో, వ్యాయామంతో, రింగుతో ప్రయత్నించవచ్చా?
3. తీసేస్తే నా మూత్రం బాధ పోతుందా?
4. అండాశయాలు ఉంచుతారా?
5. కొన్నాళ్ళు ఆగితే ప్రమాదమా?

తరువాత ఆ కాగితాలతో ఇంకొక డాక్టరుకు చూపించండి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి వంటి చోట్ల గైనిక్ విభాగాలు ఉన్నాయి. ఒక్క బస్సు ఛార్జీ ఐదేళ్ళ అప్పును తప్పించవచ్చు.

కోడలు బాలింతగా ఉన్నప్పుడే జాగ్రత్త

ఈ మాటలు అత్తలకు, భర్తలకు. కాన్పు ఆసుపత్రిలోనే చేయించండి. బాలింతతో మొదటి ఆరు వారాలు నీళ్ళ బిందెలు, మోపులు, సిలిండరు ఎత్తించకండి. మామూలు కాన్పు అయినవారు నొప్పి తగ్గగానే, ఒకటి రెండు రోజులలోనే మెల్లగా కండరాల వ్యాయామం మొదలుపెట్టవచ్చు. మూత్రపు గొట్టం ఉంటే తీసేసిన తరువాత చేయాలి. బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రిలో కాన్పు అయినా, ఇంకెక్కడ అయినా, ఇంటికి వెళ్ళే ముందు “ఆ వ్యాయామం నేర్పండి” అని సిస్టరును అడగండి. అడిగితే ఏ సిస్టరూ కాదనదు.

వెంటనే రావలసినవి

బయటికి వచ్చిన భాగం లోపలికి పోకపోతే, దాని మీద పుండు పడినా, రక్తం వచ్చినా. మూత్రం అసలు రాక పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉంటే. మూత్రంలో రక్తం, చలితో జ్వరం ఉంటే. ముట్లు ఆగిన ఏడాది తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే. కాళ్ళు తిమ్మిరెక్కి, బలం తగ్గి, ఉన్నట్టుండి మూత్రం మీద అదుపు పోతే. వీటికి ఒక్కరోజు కూడా ఆగవద్దు.

ఆ ఇద్దరు ఎలా ఉన్నారు?

పెద్దామెకు డాక్టరమ్మ రింగు అమర్చారు. మొదటిది కొలత సరిపోక జారిపడింది, రెండవది కుదిరింది. ఇప్పుడు కోడలికి కూడా తెలుసు. పరీక్షకు రావలసిన రోజు కోడలే తీసుకువస్తుంది. మొన్న వచ్చినప్పుడు, “పదేండ్లు ఎందుకు దాసుకున్ననో నాకే తెల్వదు బిడ్డా” అన్నది.

చిన్నామెకు పోయిన గర్భసంచిని ఎవ్వరమూ తిరిగి ఇవ్వలేము. వ్యాయామం నేర్పాము. మొదటి నెల ఏడుస్తూనే వచ్చింది. నాలుగవ నెలకు సగానికి పైగా తగ్గింది. తుమ్మితే ఇంకా కొద్దిగా పడుతుంది. ఆపరేషన్ అవసరమా లేదా అనేది ఆరు నెలల తరువాత చూద్దాము అని డాక్టరు చెప్పారు. ఈసారి తొందర పడడం లేదు. బతుకమ్మ ఆడిందా అని అడిగాను. “మూడు చుట్లు తిరిగిన సిస్టర్” అన్నది.

చదివే అక్కా, చెల్లీ, మీకు గాని మీ ఇంట్లో అమ్మకు గాని ఈ బాధ ఉంటే, మొదటి పని ఒక్కటే. ఎవరో ఒకరికి చెప్పండి. ఊళ్ళో ఆశా కార్యకర్తకు చెప్పండి, ఏ.ఎన్.ఎం.కు చెప్పండి. మా ఓ.పి.కి వస్తే డాక్టరు కంటే ముందు సిస్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. చాటు ఇస్తాము, వింటాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్, బాన్సువాడ